ఆ కుర్రాడి తల్లి ఏమైంది?

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. కాని ఇంగ్లీషు నవలల కథలు ఆవిడకు తెలిసినన్ని, ఇంగ్లీషులో ఎమ్మేలు చేసిన మా కాలనీవాళ్లకు కూడా తెలియవేమో! మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ చిక్కుడుకాయలో ముందేసుకుని కూర్చుంటే, "ఇప్పుడేం చదువుతున్నావే అమ్మాయ్? ఆ కథేదో నాకూ చెప్పు" అంటారు. నేను చెబుతుంటాను. ఆవిడ ఈనెలు తీస్తూ వింటారు. మధ్యమధ్య ప్రశ్నలేస్తారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడం, బి.ఏ.లో మా లెక్చరర్లకు చెప్పడం కన్నా కష్టం.

మొన్న చెప్పిన కథ హార్పర్ లీ రాసిన "టు కిల్ ఎ మాకింగ్ బర్డ్". మీలో చాలామంది చదివే ఉంటారు, చదవకపోతే సినిమా అయినా చూసి ఉంటారు. 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది, నాలుగు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. అందులో లాయరు ఆటికస్ ఫించ్ మీద నాకప్పుడు కలిగిన భక్తి ఇంతా అంతా కాదు. పెళ్లంటూ చేసుకుంటే అలాంటి మనిషినే చేసుకోవాలనుకున్నాను. (మావారు ఈ వాక్యం చదవరులెండి, ఆయన క్రీడల పేజీ దాటి రారు.)

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో దక్షిణాన అలబామా రాష్ట్రం. మేకూంబ్ అనే చిన్న ఊరు. 1930ల మధ్య కాలం. తల్లి లేని ఇద్దరు పిల్లలు, జెమ్, స్కౌట్. వాళ్ల నాన్న ఆటికస్. టామ్ రాబిన్‌సన్ అనే నల్లజాతి యువకుడు తన మీద అత్యాచారం చేశాడని మేయెల్లా అనే తెల్లపిల్ల కేసు పెడుతుంది. టామ్‌కు ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి మరలో పడి చచ్చుబడిపోయింది. ఆ పిల్ల ముఖం మీది దెబ్బలేమో ఎడమచేతివాటం మనిషి కొట్టినవి. కోర్టులో అందరికీ తెలిసిపోతుంది ఎవరు కొట్టారో. ఆ పిల్ల తండ్రే. అయినా పన్నెండు మంది జ్యూరీవాళ్లు గంటల తరబడి ఆలోచించి, టామ్ దోషి అనే తేలుస్తారు. తర్వాత జైలు నుంచి పారిపోబోయాడని పదిహేడు తూటాలతో కాల్చేస్తారు. ఇదంతా ఎనిమిదేళ్ల స్కౌట్ కళ్లతో చూస్తాం మనం.

కథ పూర్తయ్యాక అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకదాని వెంట ఒకటి అడిగారు. "ఇదంతా నిజంగా జరిగిందా, ఆవిడ కల్పించి రాసిందా?" "ఆ పన్నెండుగురిలో ఒక్క ఆడది లేదూ?" చివరగా, "అవునూ, ఆ కుర్రాడి తల్లి ఏమైంది?"

మూడో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రాత్రి నిద్రపట్టక పుస్తకం తీసి వెతికాను. టామ్ తండ్రి కృతజ్ఞతగా లాయరుగారింటికి ఒక కోడిని పంపిస్తాడు. టామ్ భార్య హెలెన్ రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. తల్లి ఊసు మాత్రం నాకెక్కడా తగల్లేదు. ఇన్నేళ్లుగా ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నదాన్ని, ఈ ప్రశ్న నాకెందుకు రాలేదా అని సిగ్గేసింది.

మొదటి ప్రశ్న దగ్గర మొదలుపెడదాం. నిజంగా జరిగిందా? ఈ నవల ఉన్నదున్నట్టు జరగలేదు గాని, దీని లాంటివి చాలా జరిగాయి. ఒక్కటి మాత్రం ప్రపంచమంతా ఎరిగినది.

1931 మార్చి 25న చటనూగా నుంచి మెంఫిస్ వెళ్లే గూడ్సు బండిలో టిక్కెట్టు లేకుండా కొందరు కుర్రాళ్లు ఎక్కారు. నల్లవాళ్లూ ఉన్నారు, తెల్లవాళ్లూ ఉన్నారు. అందరూ పని వెతుక్కుంటూ ఊళ్లు పట్టి పోయేవాళ్లే. అప్పటి పరిస్థితి అలాంటిది. 1929లో పౌను 16, 17 సెంట్లున్న పత్తి ధర 1931 నాటికి 6 సెంట్ల లోపుకు దిగిపోయింది. పత్తి ధర పడితే ఊళ్లెలా ఉంటాయో మన గుంటూరు వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నవలలో కన్నింగ్‌హామ్ అనే రైతు లాయరు ఫీజు కింద కట్టెలూ, కాయలూ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లడం వెనక ఉన్నది ఈ లెక్కే.

బండిలో తెల్లకుర్రాళ్లకూ నల్లకుర్రాళ్లకూ కొట్లాట అయింది. కిందికి దిగిపోవలసి వచ్చిన తెల్లవాళ్లు వెళ్లి ఫిర్యాదు చేశారు. పెయింట్ రాక్ అనే స్టేషన్లో తుపాకులు పట్టుకున్న జనం బండి ఆపి తొమ్మిది మంది నల్లకుర్రాళ్లను పట్టుకున్నారు. అదే బండిలో విక్టోరియా ప్రైస్, రూబీ బేట్స్ అని ఇద్దరు తెల్ల ఆడపిల్లలు దొరికారు. హంట్స్‌విల్ నూలు మిల్లుల్లో కూలి చేసుకునేవాళ్లు. వాళ్లు తొమ్మిది మందీ తమ మీద అత్యాచారం చేశారన్నారు. స్కాట్స్‌బరో అనే ఊళ్లో విచారణ. పట్టుకున్న రెండు వారాలకే మొదలుపెట్టి, నాలుగు రోజుల్లో ముగించి, ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. తొమ్మిదోవాడు రాయ్ రైట్, పన్నెండు పదమూడేళ్ల పసివాడు. ప్రభుత్వ లాయరే వాడికి యావజ్జీవం చాలన్నాడు. జ్యూరీలో కొందరు, కాదు ఉరే కావాలని పట్టుబట్టడంతో తీర్పు ఎటూ తేలకుండా పోయింది!

ఆ కుర్రాళ్ల తరఫున నిలబడ్డవాళ్లలో ఒకాయన ఆస్తి దస్తావేజులు చూసుకునే లాయరు, రెండో ఆయన వయసు మళ్లిన స్థానికుడు. ఆటికస్ ఫించ్ ఎవరూ రాలేదు. 1932లో సుప్రీం కోర్టు, ప్రాణం పోయే కేసులో ముద్దాయికి సరైన న్యాయవాది సాయం లేకుండా విచారణ జరపడం చెల్లదని కొట్టేసింది. 1933లో డికేటర్ అనే ఊళ్లో మళ్లీ విచారణ. ఈసారి న్యూయార్కు నుంచి శామ్యూల్ లీబోవిట్జ్ అనే పేరుమోసిన లాయరు వచ్చాడు. రూబీ బేట్స్ బోనెక్కి, ఏమీ జరగలేదని, తామిద్దరం అబద్ధం చెప్పామని చెప్పింది. అయినా జ్యూరీ మరణశిక్షే అన్నది.

ఇక్కడొక మనిషి గురించి చెప్పాలి. ఆ కేసు విన్న న్యాయమూర్తి జేమ్స్ హార్టన్. అలబామాలో పుట్టి పెరిగిన మనిషే. జ్యూరీ తీర్పు చెప్పాక, సాక్ష్యాలన్నీ మళ్లీ చూసుకుని, ఈ తీర్పు నిలవదని తానే రద్దు చేశాడు. అక్కడ జడ్జీలు జనం ఓట్లతో గెలవాలి. 1934 ఎన్నికల్లో జనం ఆయన్ని ఓడించారు. మళ్లీ న్యాయమూర్తి పీఠం ఎక్కలేదు. నన్నడిగితే ఆటికస్ ఫించ్‌కు నిజజీవితంలో దగ్గర చుట్టం ఈయనే. కాని నవలలో ఆటికస్ ఆ ఏడాదే మళ్లీ శాసనసభకు ఎన్నికవుతాడు, పోటీ కూడా లేకుండా! ఇది హార్పర్ లీ చేసిన పొరపాటని ఎన్నాళ్లో అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఓడిపోయే కేసు వాదించిన పెద్దమనిషిని ఊరు క్షమిస్తుంది. కేసు నిజంగా తిరగబెట్టిన హార్టన్‌ను క్షమించలేదు. ఈ తేడా ఆవిడకు తెలిసే రాసిందేమో.

హార్పర్ లీ 1926 ఏప్రిల్‌లో పుట్టింది. స్కాట్స్‌బరో సంగతి జరిగేటప్పటికి ఐదేళ్లు నిండలేదు. ఆవిడే తర్వాతి కాలంలో, అంత సంచలనమైన కేసు తన మనసులో లేదన్నట్టు చెప్పింది. అయితే సొంత ఊళ్లోనే ఇంకొకటుంది. మన్రోవిల్ దగ్గర 1933లో వాల్టర్ లెట్ అనే నల్లజాతి మనిషి మీద ఒక తెల్ల ఆవిడ ఇదే నేరం మోపింది. 1934లో మరణశిక్ష వేశారు. ఊళ్లో కొందరు పెద్దలకే అనుమానమొచ్చి గవర్నరుకు ఉత్తరాలు రాస్తే, శిక్షను యావజ్జీవానికి తగ్గించారు. అప్పటికే ఆ మనిషికి జైల్లో మతి చెదిరిపోయింది. 1937లో క్షయతో పోయాడు. ఆ ఊరి పత్రికకు సంపాదకుడు ఎవరనుకున్నారు? హార్పర్ లీ నాన్నగారు, ఎ. సి. లీ. ఆ పిల్లకప్పుడు ఏడెనిమిదేళ్లు. సరిగ్గా స్కౌట్ వయసు.

ఎ. సి. లీగారు లాయరు కూడా. 1919లో ఇద్దరు నల్లవాళ్ల తరఫున, ఒక తండ్రీ కొడుకుల తరఫున, హత్యకేసు వాదించి ఓడిపోయారు. ఇద్దర్నీ ఉరితీశారు. ఆ తర్వాత ఆయన క్రిమినల్ కేసు పట్టలేదంటారు. కూతురు ఆ ఓటమిని తీసుకుని, దాని చుట్టూ గౌరవం కట్టి, ఆటికస్‌ను తయారుచేసింది. ఇంటిపేరు ఫించ్ మాత్రం నాన్నది కాదు, అమ్మ పుట్టింటి పేరు. నవలలో తల్లిని మొదటి పేజీల్లోనే చంపేసి, ఆవిడ పేరు మాత్రం ఉంచేసుకుంది. నవలలు రాసేదాన్ని కనుక ఇలాంటి దొంగతనాలు నాకు చప్పున కనిపిస్తాయి.

ఇక అత్తగారి రెండో ప్రశ్న. జ్యూరీలో ఆడవాళ్లు ఎందుకు లేరు?

ఉండటానికి వీల్లేదు. చట్టమే ఒప్పుకోదు. అలబామాలో ఆడవాళ్లు జ్యూరీలో కూర్చోరాదన్న నియమం 1966లో గాని కోర్టులో చెల్లకుండా పోలేదు. అంటే నవల అచ్చయి, బహుమతి వచ్చి, సినిమా ఆడి, గ్రెగరీ పెక్ ఆస్కార్ తీసుకున్నాక కూడా, ఆ పుస్తకం రాసిన మనిషే తన సొంత రాష్ట్రంలో జ్యూరీకి పనికిరాదు! నవలలో ఈ మాట ఒకచోట వస్తుంది. ఎదురింటి మిస్ మాడీ లాంటివాళ్లు జ్యూరీలో ఎందుకు కూర్చోరని జెమ్ అడిగితే, ఆడవాళ్లు కనుక అంటాడు ఆటికస్. స్కౌట్‌కు కోపమొస్తుంది. ఆటికస్ నవ్వుతూ, ఆడవాళ్లు కూర్చుంటే ప్రశ్నలడుగుతూ ఉంటారు, కేసులు తెమలవు అన్న ధోరణిలో తేల్చేస్తాడు. ఇది విని మా అత్తగారు "అందుకేనేమో" అన్నారు, ఈనె తెంపుతూ.

నల్లవాళ్ల సంగతి ఇంకో రకం. వాళ్లు కూర్చోరాదని రాజ్యాంగంలో లేదు. కాని 1901లో అలబామా రాసుకున్న రాజ్యాంగం ఓటు పన్ను, చదువు పరీక్ష లాంటివి పెట్టి వాళ్లను ఓటర్ల జాబితాలోంచే ఊడ్చేసింది. జ్యూరీ జాబితాల్లో కూడా వాళ్ల పేర్లుండవు. లీబోవిట్జ్ ఈ సంగతి పట్టుకునేసరికి, జాక్సన్ కౌంటీ పుస్తకాల్లో హఠాత్తుగా కొన్ని నల్లవాళ్ల పేర్లు ప్రత్యక్షమయ్యాయి. ఎర్రసిరా గీత మీద ఇరికించి, తర్వాత ఎప్పుడో రాసినవి. లీబోవిట్జ్ ఆ పుస్తకాన్ని, భూతద్దాన్ని వాషింగ్టన్ దాకా మోసుకెళ్లి సుప్రీం కోర్టు న్యాయమూర్తుల చేతిలో పెట్టాడు. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు భూతద్దంలోంచి చూశారు. 1935లో తీర్పు మళ్లీ కొట్టేశారు. ఏ నవలలోనైనా ఈ దృశ్యం రాస్తే, అతిగా ఉంది తీసెయ్యండి అంటారు సంపాదకులు.

సంపాదకుల మాటొచ్చింది కనుక, ఈ నవల పుట్టుక గురించి చెప్పి తీరాలి. హార్పర్ లీ లా చదువు మధ్యలో మానేసి 1949లో న్యూయార్కు చేరి, విమాన కంపెనీలో టిక్కెట్లు రాసే ఉద్యోగం చేసింది. 1956 క్రిస్మస్‌కు మైకేల్, జాయ్ బ్రౌన్ అనే స్నేహితులు ఒక కవరు ఇచ్చారు. అందులో ఏడాది జీతమంత డబ్బు. ఉద్యోగం మానేసి రాసుకో అని. (చదువుతుంటే నాకు కళ్లు కుట్టాయి. నాకు పండక్కి వచ్చేవి చీరలు.) 1957లో ఆవిడ తెచ్చిన రాతప్రతిలో కథ పెద్దయిన స్కౌట్‌ది. ఇరవై ఆరేళ్ల జీన్ లూయీ న్యూయార్కు నుంచి ఊరికొస్తుంది. ప్రచురణ సంస్థలో టే హోహోఫ్ అనే పెద్దావిడ అది చదివి, ఇందులో చిన్నప్పటి జ్ఞాపకాలున్నాయే, అవే నవల అన్నది. రెండేళ్లకు పైగా కూర్చుని తిరగరాయించింది. ఆ మొదటి రాతప్రతే 2015లో "గో సెట్ ఎ వాచ్‌మన్" పేరుతో వచ్చింది.

అది చదివినప్పుడు నాకు జ్వరమొచ్చినంత పనయింది. అందులో ఆటికస్ డెబ్బయ్యేళ్ల పైబడ్డ ముసలివాడు. నల్లపిల్లలు తెల్లపిల్లల బడిలో చేరకూడదనే తెల్లవాళ్ల సంఘంలో కూర్చుని ఉంటాడు. కూతురు పైన బాల్కనీలోంచి, చిన్నప్పుడు నాన్న వాదన విన్న అదే చోటి నుంచి చూసి వాంతి చేసుకుంటుంది. నా ఆటికస్‌ను ఎవరో కొట్టి చంపినట్టు నాలుగు రోజులు బాధపడ్డాను. పుస్తకం అల్మైరాలో పై అరలో వెనకాల పెట్టేశాను.

మళ్లీ తియ్యడానికి చరిత్ర చదవాల్సొచ్చింది. ఆవిడ 1930ల కథ రాసింది, నిజమే. కాని రాస్తున్నది 1957లో. బయట ఏం జరుగుతోంది? 1954లో సుప్రీం కోర్టు బడుల్లో జాతులను విడదీయడం చెల్లదంది. 1955 ఆగస్టులో షికాగో నుంచి మిసిసిపీకి చుట్టాలింటికొచ్చిన పధ్నాలుగేళ్ల ఎమెట్ టిల్‌ను, దుకాణంలో తెల్ల ఆవిడతో అనుచితంగా ప్రవర్తించాడని ఎత్తుకెళ్లి చంపి నదిలో పారేశారు. అందరూ తెల్లవాళ్లే, అందరూ మగవాళ్లే ఉన్న జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో నిందితులను వదిలేసింది. నాలుగు నెలలు తిరక్కుండా వాళ్లే ఒక పత్రికకు, అవును మేమే చంపామని చెప్పి డబ్బు తీసుకున్నారు. 1956 ఫిబ్రవరిలో ఆథరీన్ లూసీ అనే నల్లజాతి అమ్మాయి అలబామా విశ్వవిద్యాలయంలో చేరితే, రాళ్లు, గుడ్లు విసిరి కొద్ది రోజుల్లోనే బయటికి పంపేశారు. హార్పర్ లీ చదువుకున్నది కూడా అక్కడే. మర్యాదస్తులైన నాన్నలు ఎంతోమంది అప్పుడు ఏ సంఘంలో కూర్చున్నారో ఆవిడ చూసింది. చూసిందే మొదట రాసింది. రెండోసారి రాసినప్పుడు, అలా కూర్చోకుండా ఉంటే ఎంత బావుణ్ణు అనుకున్న నాన్నను రాసింది. లీగారి విషయంలో ఒకమాట చెప్పాలి. ముసలితనంలో, ఆఖరి ఏళ్లలో, ఆయన ఆలోచన మార్చుకుని నల్లవాళ్ల ఓటుహక్కు సమర్థించారు. 1962లో పోయారు.

ఇంకో వింత చూడండి. మొదటి రాతప్రతిలో ఆటికస్ కేసు గెలుస్తాడు! నల్లకుర్రాడు విడుదలవుతాడు. తిరగరాసినప్పుడు మనిషిని మంచివాణ్ణి చేసి, కేసు ఓడించింది. నాన్న విషయంలో చరిత్రను కాస్త పక్కకు జరిపినా, జ్యూరీ విషయంలో జరపలేదు.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం. ఫించ్‌ల ఇంట్లో వంటమనిషి కాల్పర్నియా. పిల్లలను పెంచింది ఆవిడే. ఒక ఆదివారం వాళ్లను తమ చర్చికి తీసుకెళుతుంది. పాటల పుస్తకాలు కొనే స్తోమత లేని చర్చి. కాల్పర్నియా కొడుకు ఒక్కొక్క చరణం చదివితే మిగతావాళ్లు పాడతారు. హెలెన్ కోసం పది డాలర్లు పోగయ్యేదాకా పాస్టరు తలుపులు మూయించేస్తాడు. ఇంటికొస్తూ స్కౌట్, ఎప్పుడైనా మీ ఇంటికి రావచ్చా అని అడుగుతుంది. తప్పకుండా రావచ్చు అంటుంది కాల్పర్నియా. మళ్లీ పుస్తకం అయిపోయేదాకా స్కౌట్ ఆ ఇంటికి వెళ్లదు. మనమూ వెళ్లం.

టామ్ చనిపోయిన కబురు హెలెన్‌కు చెప్పే దృశ్యం కూడా అంతే. ఆవిడ వాకిట్లో కుప్పకూలిపోవడాన్ని ఇద్దరు తెల్లపిల్లలు కాస్త దూరం నుంచి చూస్తారు. వాళ్లు వచ్చి స్కౌట్‌కు చెబితే, స్కౌట్ మనకు చెబుతుంది. అంత దూరం నుంచే తెలుస్తుంది మనకు ఆ దుఃఖం. అదే సమయానికి ఫించ్‌ల హాల్లో ఊరి ఆడవాళ్లు టీ తాగుతూ, ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న తెగ కోసం కన్నీరు పెడుతూ, తమ వంటమనుషులు విచారణ అయిన దగ్గర్నుంచి ముఖాలు ముడుచుకు తిరుగుతున్నారని విసుక్కుంటూ ఉంటారు. ఈ అధ్యాయం రాసిన చెయ్యికి దణ్ణం పెట్టాలి. మన మహిళామండలి సమావేశాలు నాలుగు చూసిన ఎవరికైనా కుర్చీలో ఇబ్బందిగా కదలాలనిపిస్తుంది. తెల్లవాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. గడప దాటాక మాత్రం ఆవిడకు చీకటే.

మొదటి రాతప్రతిలో గడప దాటే ప్రయత్నం చేసింది. అందులో జీన్ లూయీ కాల్పర్నియా ఇంటికి వెళుతుంది. ఆ ఇంట ఏదో ఆపద వచ్చిన రోజు. తనను ఎత్తుకు పెంచిన మనిషి, పరాయి దొరసానిని పలకరించినట్టు మర్యాదగా పలకరిస్తుంది. మమ్మల్ని ద్వేషించావా అని అడిగేస్తుంది పిల్ల. చాలాసేపటికి గాని, లేదని తల ఊపదు ఆవిడ. నన్నడిగితే రెండు పుస్తకాల్లోనూ అంతకన్నా నిజమైన ఘట్టం లేదు. అదే తిరగరాతలో పోయింది. టే హోహోఫ్ మంచి సంపాదకురాలే, ఆవిడ లేకపోతే ఈ నవలే లేదు. కాని ఈ ఒక్క ఘట్టం విషయంలో నాకావిడతో పేచీ ఉంది.

కాల్పర్నియా లాంటివాళ్లు చరిత్రలో ఏం చేస్తున్నారో చూద్దాం. 1955 డిసెంబరు 1న రోసా పార్క్స్ అనే కుట్టుపని చేసే ఆవిడ బస్సులో సీటు వదలనన్నది కదా, అలబామా రాజధాని మంట్‌గమరీలో. ఆ తర్వాత 381 రోజులు నల్లవాళ్లు బస్సెక్కలేదు. నడిచినవాళ్లలో ఎంతోమంది తెల్లవాళ్ల ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు. తమాషా ఏమిటంటే, కొందరు దొరసానులు కార్లేసుకుని వెళ్లి తమ వంటమనుషులను తెచ్చుకున్నారు. ఆ ఊరి మేయరు గేల్ అలా చెయ్యొద్దన్నాడు. వద్దంటే వంటెవరు చేస్తారు? కొందరు విన్నారు, కొందరు వినలేదు. నల్లవాళ్ల చరిత్రలో ఇదంతా జరిగిన ఏడాదికే, ఆ రాష్ట్రపు పిల్ల కాల్పర్నియాను రాయడానికి కూర్చుంది.

ఇక ఆ తల్లి. నవలలో లేని తల్లి చరిత్రలో ఉంది. స్కాట్స్‌బరో పసివాడు రాయ్ రైట్ అన్నాను కదా, వాడి అన్న ఆండీ రైట్ కూడా ఆ తొమ్మిది మందిలో ఒకడు. వాళ్ల అమ్మ ఏడా రైట్. ఇళ్లలో పనిచేసుకునే విధవరాలు. ఇద్దరు కొడుకులూ ఒకే కేసులో జైల్లో ఉంటే, ఆవిడ 1932లో ఓడెక్కి యూరప్ వెళ్లింది. దేశం తర్వాత దేశం తిరుగుతూ, భాష తెలియని జనం ముందు నిలబడి నా పిల్లలను కాపాడమని మాట్లాడింది. కొన్నిచోట్ల పోలీసులు మాట్లాడనివ్వలేదు. ఆ కేసు నడిపిన కమ్యూనిస్టుల సంఘం ఆవిణ్ణి తమ ప్రచారానికి వాడుకుందని విమర్శలున్నాయి. వాడుకునే ఉంటారు. కాని కొడుకులు ఉరికంబం ముందుంటే, ఎవరి వేదిక అని చూసుకునే తల్లి ఉంటుందా?

1955లో ఇంకొక తల్లి, ఎమెట్ టిల్ తల్లి మేమీ టిల్. గుర్తుపట్టలేనంతగా ఛిద్రమైన కొడుకు శవాన్ని షికాగో తెప్పించుకుని, పెట్టె మూత తెరిచే ఉంచాలంది. నా కొడుక్కి ఏం చేశారో అందరూ చూడాలంది. వేల వేల జనం వరసకట్టి చూశారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది రూబీ బేట్స్ సంగతి. అబద్ధపు కేసు పెట్టిన ఇద్దరిలో ఒకతి కదా. కోర్టులో నిజం చెప్పిన నెలరోజులకే, 1933 మేలో, ఆ కుర్రాళ్లను విడిచిపెట్టమని వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో ఆవిడ నడిచింది. తర్వాత ఆ తల్లుల పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో కూడా ఉంది. తన మాట వల్ల ఉరిశిక్ష పడిన పిల్లల తల్లుల పక్కన! వాళ్లేం మాట్లాడుకుని ఉంటారు? ఆ తల్లులు ఆ పిల్ల ముఖంలోకి ఎలా చూసి ఉంటారు? ఒక నవలకు ఇంతకన్నా ఏం కావాలి?

హార్పర్ లీ మేయెల్లాకు ఇంత చోటు ఇవ్వలేదు. ఇచ్చింది ఎర్ర జిరేనియం పూలకుండీలు. చెత్తకుప్ప పక్క ఇంట్లో, తాగుబోతు తండ్రితో, తమ్ముళ్లూ చెల్లెళ్లతో బతికే పందొమ్మిదేళ్ల పిల్ల రోజూ నీళ్లు పోసి పెంచుకునే పూలు. స్కౌట్ ఆ పిల్లను, ఈ లోకంలో అందరికన్నా ఒంటరిది అనుకుంటుంది. గొప్పగా రాసింది, కాదనను. అంత జాలి చూపించిన రచయిత్రి, ఆ పిల్ల మనసు మార్చుకోవడానికి మాత్రం అవకాశమివ్వలేదు. అబద్ధం చెప్పి, ఏడ్చి, బోను దిగి, కథలోంచి వెళ్లిపోతుంది. చరిత్రలో ఆ పిల్ల తిరిగి వచ్చింది.

ఈ లోపం తెల్లవాళ్ల మధ్య పెరిగిన రచయిత్రికి తప్పదు కదా అనేవాళ్లున్నారు. నాకు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు గుర్తొస్తారు. ఆయనా అగ్రకులంవాడే, బారిస్టరే. 1922లో వచ్చిన "మాలపల్లి" జైల్లో కూర్చుని రాశారు, దాన్ని ప్రభుత్వం నిషేధించింది కూడా. సంస్కర్త చూపు అందులోనూ ఉంది. అయినా ఆయన కథను రామదాసు ఇంట్లో పెట్టారు. కొడుకు సంగదాసు పోతే, మహాలక్ష్మి దుఃఖాన్ని దూరం నుంచి ఎవరో చూసి వచ్చి మనకు చెప్పరు. ఆ ఇంట్లోనే ఉంటాం మనం.

ఇన్ని తప్పులు పట్టినా ఈ నవల మీద నా ఇష్టం చావలేదు. చదివించే గుణం అలాంటిది. కాకపోతే ఆటికస్ మీది భక్తి మాత్రం కాస్త తగ్గి, స్కౌట్ మీది ప్రేమ పెరిగింది. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకోవడమెందుకు. మా ఇంట్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ ఇంటికి నేను వెళ్లింది ఒక్కసారి. కూతురి పెళ్లికి. అదీ కవరు చేతికిచ్చి గుమ్మంలోంచే వచ్చేశాను, ఆటో ఆగి ఉందని.

మర్నాడు మధ్యాహ్నం ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ ఏడా రైట్ దగ్గర ఆపి, "ఇంతకీ పిల్లలు బయటపడ్డారా?" అన్నారు.

రాయ్‌ను 1937లో వదిలేశారు, మరో ముగ్గురితో కలిపి. ఆరేళ్లు జైల్లోనే పెరిగాడు. ఆండీ జైలు నుంచి ఆఖరుసారి బయటికొచ్చింది 1950లో. నిర్దోషి అన్న మాట కాదు, పెరోల్ మీద. 1976లో అలబామా గవర్నరు వారిలో క్లారెన్స్ నారిస్ అనే అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు. ఆండీకీ, ఇంకో ఇద్దరికీ ఆ కాగితం వచ్చింది 2013 నవంబరులో. అందరూ ఎప్పుడో పోయారు.

"క్షమాభిక్షా? ఎవరు ఎవరిని క్షమించడం?" అన్నారు అత్తగారు. చిక్కుడుకాయల పళ్లెం నా వైపు జరిపి లోపలికి వెళ్లిపోయారు.

నా ప్రతి ఇప్పుడు మా అమ్మాయి దగ్గరుంది. వాళ్ల కాలేజీలో చెబుతున్నారట. పన్నెండో అధ్యాయం దగ్గర, కాల్పర్నియా చర్చికి తీసుకెళ్లే చోట, కాగితం ముక్క ఒకటి పెట్టి ఇచ్చాను.